చేత్తో వినే మాట

మర పెద్దమ్మ నోరు లేస్తే వీధి లేచేది. పొద్దున్నే పిండిమర షట్టరు ఎత్తుతూ ఆమె మొదట తుప్పుపట్టిన గొళ్ళేన్ని తిట్టేది. ఆ తిట్టు వినబడగానే ఎదురుకొట్టు దర్జీ తన మిషను మీది గుడ్డ తీసేవాడు. పై అంతస్తులో ఉండే రిటైరైన మాస్టారు కిటికీ మూసుకునేవాడు. గొళ్ళెం తరువాత మోటారు వంతు, మోటారు తరువాత నిన్న సాయంత్రం బస్తాలను దారికడ్డంగా పడేసి వెళ్ళిన పనివాడు స్విచ్చాయన వంతు. అందరికీ అందాల్సింది అందాక ఆమె ముఖం కడుక్కుని, తలకు తెల్లగుడ్డ చుట్టుకుని, గింజల తొట్టి పక్కన నిలబడేది. అప్పటికి ఆమె మనసు తేటపడేది.

ఆమె తిట్లను బయటివాళ్ళు ఒకే గాటన కట్టేవారుగాని, రోజూ గింజలు పట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకు వాటిలో తేడా తెలుసు. కొన్ని పని తిట్లు. అవి లేకపోతే మర నడవదు. కొన్ని ముద్దు తిట్లు. పక్కవీధి బాలింత బిడ్డనెత్తుకుని వస్తే, "నీ దుంప తెగ, ఎంత నిగనిగలాడుతున్నావురా" అని ఆ బిడ్డ బుగ్గకు కాస్త పిండి పూసేది. నిజంగా కోపం వచ్చినప్పుడు, నిజంగా దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఆమె తిట్టేది కాదు. మాట్లాడటం మానేసేది.

మర ఆమె భర్తది. ఒక మధ్యాహ్నం గోధుమ బస్తాల మీద నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. కూతురు అప్పుడు ఒకటో తరగతి. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆమె నోట గట్టి మాట విన్నవాళ్ళు లేరు. ఆయన పోయిన కొత్తలో అసలు మాటే విన్నవాళ్ళు లేరు. నోరు లేని ఆడదాని మర అని తెలిసేసరికి కొందరు తూకంలో వేలు పెట్టారు. కొందరు పిండి దుమ్ములో ఎవరికి కనబడుతుందిలే అన్న ధీమాతో ఉండాల్సిన దానికంటే దగ్గరగా నిలబడ్డారు. అలా నిలబడ్డ ఒక పెద్దమనిషిని ఒకనాడు ఆమె, భర్త తిట్టే తిట్టుతో, భర్త గొంతుతో పలకరించింది. ఆ పెద్దమనిషి సంచీ చంకన పెట్టుకుని గడపదాకా వెనక్కి నడిచాడు.

"నీ నోట్లోంచి మా బావ దిగొచ్చాడక్కా," అన్నాడు స్విచ్చాయన.

రెండు తిరగలి రాళ్ళు, బెల్టు, రాళ్ళకు గాట్లు పెట్టే సుత్తీ ఉలీ, వాటితోపాటు ఆ మాటలూ అప్పటినుంచి ఆమెకు భర్త వదిలివెళ్ళిన పనిముట్లయ్యాయి.

స్విచ్చాయన ఆమెకు రక్తసంబంధం లేని తమ్ముడు. భర్త హయాంలోనే పనికి కుదిరి, ఆ మరలోనే జుట్టు నెరిసినవాడు. తొట్టీ రాళ్ళూ ముందుగదిలో ఉంటాయి. మోటారు వెనకగదిలో ఉంటుంది. నడుమ గోడకు చేసిన కంతలోంచి బెల్టు తిరుగుతుంది. మోటారు పక్క గోడకు ఆకుపచ్చ మీట ఒకటి, ఎర్రమీట ఒకటి. వాటి పక్కన స్టూలు మీద కూర్చుని, మోటారును కనిపెట్టుకుని ఉంటూ, తీరిక దొరికితే బస్తాల మూతులు కుట్టడం ఆయన పని. మర ఆయన ఎడమచెవిని పూర్తిగా తినేసింది. కుడిచెవిని సగం తిని వదిలేసింది.

గింజల్లో మేకు పడ్డా, పిండి వేడెక్కినా, తొట్టి ఖాళీ అయినా మోటారు ఆ క్షణాన ఆగిపోవాలి. లేకపోతే రాయి రాయిని కొరుక్కుంటుంది. "ఆపు" అన్న మాట ఆ రొదలో గోడ దాటదు. ఆమె మర అందుకున్న కొత్తలో ఒకసారి, ఎన్నిసార్లు "ఆపు" అన్నా ఆయన కదలకపోయేసరికి, గొంతు చించుకుని "నీ పాడె కట్టా" అని అరిచింది. ఆయన చెయ్యి వెళ్ళి ఎర్రమీట మీద పడింది. ఆ మాట చివర సాగే రాగం ఆయన చెవికి అందిందో, అందులోని చావు అందిందో ఎవరికీ తెలియదు. ఆనాటినుంచి ఆ మరలో ఆపడానికి అదే మాట. విన్నందుకు ఆయన నొచ్చుకున్నదీ లేదు, అన్నందుకు ఆమె నొచ్చుకున్నదీ లేదు. అది తిట్టన్న సంగతే వాళ్ళిద్దరూ మరిచిపోయారు.

మరవనిది కూతురు. బడిలో పిల్లలు ఆమెను "బూతులమర" అనేవారు. ఎవరితోనైనా చిన్న తగాదా వస్తే చాలు, "వాళ్ళమ్మను పిలుచుకొస్తుంది, చెవులు మూసుకోండర్రా" అనేవారు. పై తరగతుల్లో ఉండగా ఒక స్నేహితురాలి తల్లి ఆమెను గడపలోనే నిలబెట్టి, ఎంతో మర్యాదగా మంచినీళ్ళిచ్చి, లోపలికి రమ్మనకుండా పంపేసింది. ఆ గ్లాసు చల్లదనం కూతురి వేళ్ళను వదల్లేదు. తల్లి మీద ప్రేమ లేక కాదు. తల్లి పిండిచేతులతో తల నిమిరితే ఆమె ఇప్పటికీ కళ్ళు మూసుకుంటుంది. కాని తన నోట చెడ్డమాట రానివ్వకూడదని ఆ గడపలోనే నిశ్చయించుకుంది. కోపం వస్తే స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, బకెట్టు నిండేదాకా నిలబడి, ముఖం తుడుచుకుని బయటికి వస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర ముందుబల్ల ఉద్యోగం ఆమెది. నొప్పితో వచ్చినవాళ్ళకు మెత్తగా నచ్చజెప్పి కూర్చోబెట్టాలి. అత్తవారిల్లు కూడా ఆ తీరుదే దొరికింది.

"మా ఇంట్లో కుక్కను కూడా 'మీరు' అనే పిలుస్తాం వదినగారూ," అంది వియ్యపురాలు, మొదటిసారి కలిసినప్పుడు.

"పాపం, అది ఇంకో ఇల్లు చూసుకోకుండా ఇంకా ఇక్కడే ఉందా," అంది మర పెద్దమ్మ.

ఆ రోజు కూతురు ఒక బకెట్టు నింపి, ఒలకబోసి, మళ్ళీ నింపిందట.

మనవరాలు పుట్టింది. కుదురు లేని పిల్ల, ఎక్కడ గింజ కనబడితే అక్కడ వాలేది. అందుకే పిచ్చుక అన్నారు. బడి మరకు వెనకవీధిలోనే. బడి వదిలేవేళకు మర పెద్దమ్మ మోటారు ఆపించి, చేతులు దులుపుకుని వెళ్ళి పిల్లను తెచ్చుకునేది. కూతురు పని ముగించుకుని వచ్చేదాకా పిచ్చుక ఖాళీ గోనెల మీద కూర్చుని, చెక్కల మీద పేరుకున్న పిండిలో వేలితో బొమ్మలు గీసేది. వచ్చినవాళ్ళందరితో కబుర్లాడేది. పొద్దుటినుంచీ ఆ మర తిరిగేది ఈ సాయంత్రం చేరుకోవడానికే అన్నట్టుండేది మర పెద్దమ్మకు.

పిచ్చుక రెండో తరగతిలోకి వచ్చిన ఏడు, టీచరు నల్లబల్ల మీద ఏనుగు బొమ్మ గీసింది. పిచ్చుక మురిసిపోయి లేచి నిలబడి, "నీ దుంప తెగ, ఎంత బాగా గీశావు టీచర్," అంది.

ఆ సాయంత్రం కూతురు మరకు వచ్చేసరికి ముఖం అప్పుడే కడుక్కున్నట్టు తడిగా ఉంది. పిల్లను దర్జీ కొట్టు దగ్గరికి పంపి, తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, కూర్చో."

"నిలబడే వింటాలే, చెప్పు."

"దాన్ని క్లాసు బయట నిలబెట్టారు."

"ఎందుకట? మెచ్చుకుందిగా."

"అది మెచ్చుకోవడమని నీకు తెలుసు, నాకు తెలుసు. బయట ఎవరికి తెలుసమ్మా?" కూతురు గొంతు పెంచలేదు. "నన్ను బడిలో ఏమనేవాళ్ళో నీకెప్పుడూ చెప్పలేదు నేను."

"తెలుసు. దర్జీ చెప్పాడు."

తెలిసీ తల్లి మానలేదన్న మాట కూతురు అదే మొదటిసారి వినడం. తూకపురాళ్ళను పెద్దదాన్నుంచి చిన్నదాకా వరసగా పేర్చింది.

"అప్పుడు మర నడవాలి తల్లీ," అంది మర పెద్దమ్మ.

"ఇప్పుడు దాని బతుకు నడవాలి. ఇంకొక్క మాట దాని నోట విన్నానా, సాయంత్రాలు బడి పక్కన పిల్లల్ని ఉంచుకునే సెంటరుంది, అక్కడ వేసేస్తా. ఆయన ఎప్పటినుంచో అదే అంటున్నారు. నేనే అడ్డం పడుతున్నా. ఎన్నాళ్ళు పడగలనో నాకే తెలీదు."

లవంగం ఉపాయం మర పెద్దమ్మ తనకు తానే కనిపెట్టుకుంది. పొద్దున్నే ఒక లవంగం దవడన పెట్టుకునేది. మాట గొంతులోకి రాగానే దాన్ని కొరికేది. ఆ ఘాటుతో మొదటి మాట లోపలికి పోయేది, రెండో మాట బయటికి వచ్చేది. మొదటిది మింగు, రెండోది అను: ఇంతే ఆమె పెట్టుకున్న నియమం. మొదట్లో రోజు గడిచేసరికి నాలుక మొద్దుబారేది. గొళ్ళేన్ని తిట్టకుండా ఎత్తడం నేర్చుకుంది. మోటారును బతిమాలడం నేర్చుకుంది.

"పెద్దమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని దర్జీ వచ్చాడు. "నీ గొంతు వినబడక నాకు కొట్టు తెరవడం ఆలస్యమవుతోంది."

"గడియారం కొనుక్కో నాయనా," అంది ఆమె, లవంగం కొరికాక.

స్విచ్చాయన మరీ బెదిరిపోయాడు. ఆమె వెనకగది గుమ్మంలో నిలబడి, "బాబూ, ఇకనుంచి మోటారు ఆపాలంటే, బాబూ ఆపు అంటాను, సరేనా?" అని చెప్పినప్పుడు ఆయన దబ్బనం పక్కన పెట్టాడు.

"ఏంటక్కా, నన్ను తీసేస్తున్నావా?"

"ఎవరన్నారు?"

"బాబూ అంటున్నావుగా. ఏదైనా ఉంటే మొహమ్మీద చెప్పెయ్. ఇలా మర్యాద చేసి చంపొద్దు."

పిచ్చుకకు మాత్రం ఇదంతా ఒక ఆటైంది. అమ్మమ్మ దవడ కదిలితే చాలు, గోనెల మీదినుంచి దూకి వచ్చేది.

"కొరికావు, కొరికావు. ఏం మాట మింగావమ్మమ్మా?"

"మంచి మాటేలే."

"మంచిదైతే ఎందుకు మింగావు? కడుపులో ఎన్నున్నాయి? అన్నీ కలిసి మాట్లాడుకుంటాయా లోపల?"

"మాట్లాడుకోవు. పడుకుంటాయి."

పిల్ల ఆమె పొట్టకు చెవి ఆనించి వినేది. మర పెద్దమ్మ నవ్వు ఆపుకోలేకపోయేది. నోరు కట్టుకున్న ఆ రోజుల్లో ఆమె నవ్వినంతగా అంతకుముందెప్పుడూ నవ్వలేదని స్విచ్చాయన తరువాత అన్నాడు. పిల్ల నోట మళ్ళీ చెడ్డమాట రాలేదు. కూతురు సాయంత్రాలు వచ్చి, గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి వినేది. ఏమీ వినబడకపోతే ఆమె భుజాలు కాస్త కిందికి దిగేవి. అలా దిగడం మర పెద్దమ్మ చూసేది. దానికోసం ఇంకో వంద లవంగాలైనా నమలవచ్చనుకునేది.

కొత్తమాట పనిచేసింది. స్విచ్చాయన స్టూలు కాస్త గుమ్మం వైపు జరుపుకుని, మధ్యమధ్య తలెత్తి ఆమె పెదవుల వైపు చూసేవాడు. ఆయన చూస్తూ ఉంటే ఇబ్బంది లేదు. చూడనప్పుడు ఆమె రెండోసారి పిలవాల్సి వచ్చేది, ఒక్కోసారి మూడోసారి. పిండి రవ్వంత ఎక్కువ వేడెక్కేది, అంతే. ఒకనాడు జొన్నల్లో మేకొకటి వచ్చింది. "బాబూ ఆపు" ఆయనను చేరేలోపల పైరాయి మీద గీత పడింది. ఇద్దరూ రాయి ఎత్తి, ఆ గీతను చూస్తూ కూర్చున్నారు.

"మాట మంచిదే అక్కా," అన్నాడాయన. "కాని ఇది చెవితో వినాలి. నాకు చెవెక్కడుంది? పాతదైతే చేత్తో వినేవాణ్ణి. అది వచ్చిందని నాకు తెలిసేలోపే చెయ్యి వెళ్ళిపోయేది."

ఆ సాయంత్రం ఆమె కూతుర్ని పక్కకు పిలిచింది.

"అన్నీ మానేశాను. ఆ ఒక్కటీ ఉంచుకోనా? అది తిట్టు కాదే, స్విచ్చు."

"అమ్మా, అది పాడె."

"మరకు చెప్పే మాట తల్లీ."

"రేపు బడిలో ఎవరి మీదో అంటుంది. అది కూడా మరకు చెప్పే మాటే అని నేను వెళ్ళి చెప్పనా? ఒక గంట పెట్టుకోకూడదూ?"

"రెండు చేతులూ తొట్టిలో ఉంటాయి. గంట ముక్కుతో కొట్టనా?"

కూతురు నవ్వబోయి ఆగింది. "ఇంతదూరం వచ్చావు. ఇంకొంచెం ఓపిక పట్టమ్మా," అంది. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, ప్రాధేయపడటం ఉంది. మర పెద్దమ్మ మరి అడగలేదు. ఇటు సాయంత్రాలున్నాయి, అటు ఒక మాట ఉంది. ఆమె సాయంత్రాలు ఎంచుకుంది.

ముసురు పట్టిన రోజది. చెమ్మకు బెల్టు జారుతోందని పొద్దున్న దానికి మైనం రాశారు. రాయడానికి ముందుగదిలో బెల్టు తిరిగే చక్రానికి అడ్డుగా ఉన్న ఇనుపజాలీ విప్పి గోడకు ఆనించారు. ఆ తరువాత గిరాకీ మీద గిరాకీ వచ్చింది. జాలీ గోడకే ఉండిపోయింది. దాన్ని ఎవరు మరిచారని ఎందరడిగినా మర పెద్దమ్మ ఒకే జవాబు చెప్పింది: నేనే.

సాయంత్రం పిచ్చుక గోనెల మీద కూర్చుని రంగుపెన్సిలుతో ఇల్లు గీస్తోంది. పెన్సిలు జారి దొర్లింది. దానికి రోజూ అడ్డుపడే జాలీ ఆ రోజు లేదు. పిల్ల వంగి, చక్రం కిందికి చెయ్యి చాచింది. స్వెట్టరు చెయ్యి అంచు బెల్టుకు చిక్కింది, బెల్టు ఆ చేతిని చక్రం వైపు లాగింది.

మర పెద్దమ్మ తొట్టి పక్కనుంచి చూసింది. మాట గొంతులోకి వచ్చేసింది. సరిగ్గా రావాల్సిన మాటే వచ్చింది. పళ్ళ మధ్య లవంగం చిట్లింది. నెలల తరబడి నేర్పుకున్న నియమం ఆమెను అడగకుండానే తన పని తాను చేసింది: మొదటి మాట లోపలికి పోయింది, రెండో మాట బయటికి వచ్చింది.

"బాబూ, ఆపు."

స్విచ్చాయన గుమ్మానికి వీపు పెట్టి బస్తా మూతి కుడుతున్నాడు.

"బాబూ, ఆపు."

దబ్బనం పైకి లేచింది, కిందికి దిగింది. అప్పుడామె లోపలికి పోయిన మాటను వెనక్కి లాగి, వీధి చివరిదాకా వినబడేట్టు అరిచింది. "నీ పాడె కట్టా." దబ్బనం బస్తాలోనే ఉంది, ఆయన చెయ్యి ఎర్రమీట మీద ఉంది. బెల్టు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. పిచ్చుక ఏడవడం అప్పుడు మొదలుపెట్టింది. అంతవరకూ ఆ పిల్ల కళ్ళు విప్పార్చి అమ్మమ్మనే చూస్తూ ఉంది. మాట అమ్మమ్మ నోట్లోంచి రావడం, చక్రం ఆగడం, రెండూ చూసింది.

ఆసుపత్రిలో చెయ్యి దక్కింది. కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ ఇక వంగడం కష్టమని చెప్పారు. రంగుపెన్సిలు పట్టాల్సినవి ఆ వేళ్ళే.

వసారాలో బల్ల మీద కూతురు, తల్లి, కాస్త ఎడంగా స్విచ్చాయన కూర్చున్నారు. ఆయన కనుబొమల మీద పిండి అలాగే ఉంది. అల్లుడు మందుల కోసం వెళ్ళాడు. కూతురు తల్లి వైపు తిరిగింది.

"నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా."

"ఉన్నాను."

"చూశావు కదా."

"చూశాను."

"మరి అరవలేదా? వీధంతా వినబడే గొంతు కదా నీది. నోరేమైంది?"

"అరిచానే," అంది మర పెద్దమ్మ.

"ఎప్పుడు?"

ఆమె, చెప్పవద్దన్నట్టు స్విచ్చాయన వైపు తల అడ్డంగా ఊపింది. కాని ఆయన కూతురి పెదవులనే చూస్తున్నాడు. ప్రశ్న ఆయనకూ అందింది.

"అరిచిందమ్మా," అన్నాడు. "ముందు రెండుసార్లు మంచిగా అరిచిందట, నాకు వినపడలేదు. నువ్వు చెప్పినట్టే అరిచింది. పాతది అన్నాక నాకు వినపడింది."

ఆయన చెడు ఉద్దేశంతో అనలేదు. అక్క మీద మాట పడకూడదని అన్నాడు. కూతురు ఆయన వైపు చూసింది, తల్లి వైపు చూసింది, లేచి వసారా చివర ఉన్న బాత్రూములోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. అక్కడ నిండడానికి బకెట్టు లేదు; నీళ్ళు పోతూనే ఉన్నాయి. అల్లుడు మందులు తెచ్చి, తలుపు తట్టి, పేరు పెట్టి పిలిచేదాకా పోతూనే ఉన్నాయి.

ఆ తరువాత కూతురు తల్లిని ఒక్క మాట అనలేదు. తల్లి కూతుర్ని అనలేదు. ఇద్దరూ పిల్ల మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని, దుప్పటి సర్దడం, నీళ్ళు పట్టడం, వచ్చినవాళ్ళకు కుర్చీ చూపడం వంటి పనులకు సరిపడా మాటలు మాట్లాడుకునేవారు. పిచ్చుక అమ్మమ్మ కావాలనే అడిగేది. అందుకని కట్టు మార్చేరోజు కూడా మర పెద్దమ్మను రమ్మన్నారు.

కట్టు మార్చే ఆయన ఓపిక గలవాడు. గోరువెచ్చని నీళ్ళతో గుడ్డను తడిపి, పిల్లతో బడి కబుర్లు చెబుతూ, కొసనుంచి మెల్లగా విప్పసాగాడు. లోపలి పొర దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పుండుకు అంటుకుంది. పిచ్చుక ఒళ్ళంతా బిగుసుకుపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. అమ్మమ్మ వైపు ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగి, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"నీ పాడె కట్టా."

ఆ పక్క మంచం దగ్గరివాళ్ళు తలలు తిప్పారు. తలుపు దగ్గరి నర్సు ఆగి చూసింది. కట్టు మార్చే ఆయన ఒక్క క్షణం కళ్ళు పైకెత్తి, "ఇంకెంతలే బంగారూ, అయిపోవచ్చింది," అని పని సాగించాడు. పిల్ల మళ్ళీ అంది. ఇంకా గట్టిగా, చివర సాగదీసి, అచ్చం అమ్మమ్మ గొంతుతో అంది. ఆయన చేతులు ఆగలేదు. అప్పుడా పిల్ల తిరిగి చూసింది.

"అమ్మమ్మా, ఆగట్లేదు," అంది. "అన్నాను కదా. ఎందుకు ఆగట్లేదు?"

మర పెద్దమ్మ నోరు తెరిచింది. ఆ రోజు దవడన లవంగం లేదు. అయినా ఏమీ రాలేదు. కూతురు వంగి బిడ్డ తలను పొట్టకు హత్తుకుని, చెవులు మూసింది. బిడ్డ మాట వినవలసినవాళ్ళు అప్పటికే విన్నారు. ఎవరికి వినబడకూడదని మూసిందో ఆమెకే తెలియదు.

కట్టు మార్చడం అయ్యాక కూతురు తల్లిని మెట్లదాకా సాగనంపింది. గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మా, కోపంతో అనట్లేదు. నిజంగా కోపం లేదు. కొన్నాళ్ళు రాకు."

"సరే."

"నిన్ను చూస్తే అది ఆ మాట అంటుంది. అంటే ఆగుతుందనుకుంటుంది. ఆగదు కదా. అప్పుడు దాని మొహం..." కూతురు మెట్ల వైపు తిరిగి, "ఆ ఒక్కటీ ఉంచుకోనా అని అడిగావు నన్ను," అంది.

"అడగలేదులే."

"అడిగావమ్మా."

మర పెద్దమ్మ కూతురి తల నిమరబోయింది. ఆ రోజు చేతికి పిండి లేదు. కూతురు కళ్ళు మూసుకోలేదు. కిందమెట్టు మీద ఎవరో దారి అడిగితే ఇద్దరూ పక్కకు జరిగారు, అలా జరిగినవాళ్ళు మళ్ళీ దగ్గరికి రాలేదు.

కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళో కూతురు చెప్పలేదు, తల్లి అడగలేదు. పిచ్చుక బడికి వెళుతోంది. సాయంత్రాలు బడి పక్క సెంటర్లో, ఎడమచేత్తో అక్షరాలు దిద్దుతోందని దర్జీ చూసి వచ్చి చెప్పాడు. ఆ పిల్ల ఇదివరకటిలా అందరితో కబుర్లాడటం లేదని కూడా చెప్పబోయి, మర పెద్దమ్మ ముఖం చూసి, వేరే మాట ఎత్తుకున్నాడు. బడి వదిలేవేళకు ఆమె ఇప్పటికీ మోటారు ఆపిస్తుంది. చేతులు దులుపుకుంటుంది. గడపదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, తొట్టి పక్కన నిలబడుతుంది.

మాట జారినా తప్పుపట్టేవారు ఇప్పుడు మరలో ఎవరూ లేరు. స్విచ్చాయన ఒకరోజు కావాలనే బస్తాలు దారికడ్డంగా పడేశాడు. ఆమె వాటిని దాటుకుని వెళ్ళింది.

"తిట్టక్కా," అన్నాడు. "ఇంకెవరున్నారు వినడానికి?"

ఆమె గింజలు పోసుకుంటూ ఉండిపోయింది. జాలీ తన చోట తగిలించి, దాని మీద ఇంకో జాలీ తగిలించి ఉంది. ఆయన స్టూలును పూర్తిగా ఆమె వైపు తిప్పుకున్నాడు. బస్తాలు కుట్టడం మానేశాడు. చెయ్యెత్తితే ఆపుతాడు, దించితే వేస్తాడు.

ముసురు మళ్ళీ పట్టిన ఒక మధ్యాహ్నం, ఆయన మంచినీళ్ళకు మూలనున్న కుండ మీదికి వంగిన కాస్తసేపట్లో, మొక్కజొన్నల్లో ఇనుపముక్క ఒకటి రాళ్ళ మధ్యకు దిగింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. నోరు తెరిచింది. పాతమాట గొంతుదాకా వచ్చి ఆగింది. కొత్తమాట దాని వెనకే వచ్చి ఆగింది. రెండింటిలో ఏదీ కదల్లేదు. రాయి రాయిని కొరుక్కుంటూ తిరిగింది. కాలిన వాసన వెనకగదికి చేరాక స్విచ్చాయన తలెత్తి, పరుగున వెళ్ళి మీట నొక్కాడు.

"అదేంటక్కా," అన్నాడు రొప్పుతూ. "ఏదో ఒకటి అనొచ్చుగా."

ఆమె పిండి దిగే గొట్టం కింద చెయ్యి పెట్టి, జారుతున్న పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నలిపి చూసుకుంటోంది. పిండి వేడిగా ఉంది. అందులో సన్నగా రాతిపొడి తగులుతోంది.